ఎర్ర రంగు వేసిన తొమ్మిదో మెట్టు

పోయిన నెల నా పాత ఫైర్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఇప్పుడు అక్కడ ఆఫీసరుగా ఉన్న అమ్మాయి మర్యాదగా మాట్లాడింది. "సార్, కొత్త బిల్డింగ్‌లకు మారుతున్నం. పాత సామానంత తీసేస్తున్నం. మీ టైముల వాడిన కట్టె నిచ్చెన ఒకటి ఉన్నది. వేలంల పెట్టేముందు మీరొకసారి చూస్తరేమో అనుకున్న," అంది. మర్నాడే సెలవు పెట్టి బయలుదేరాను. పాత నిచ్చెనను చూడటానికి సెలవు పెట్టే మనిషిని మా ఆవిడ అదే మొదటిసారి చూడటం. అయినా టిఫిన్ డబ్బా కట్టి చేతికిచ్చింది.

నిచ్చెన స్టేషన్ వెనక గోడ పొడవునా పడుకోబెట్టి ఉంది. చెదలు ఒక పక్క తినేశాయి. దాని మీద ఎవరిదో కోడి, పిల్లలతో సహా కాపురం పెట్టింది. కోడిని అదిలించి, వంగి చూశాను. ఒక మెట్టు పక్కన ఎర్ర రంగు ఇంకా ఉంది. ఊరికే, సరదాకి, కింది నుంచి మెట్లు లెక్కపెట్టాను. నమ్మకం కలగక మళ్లీ లెక్కపెట్టాను. మూడోసారి లెక్కపెట్టాక అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఆ అమ్మాయి కంగారుగా మంచినీళ్ల సీసా పట్టుకొచ్చింది. ఎందుకు కూర్చున్నానో ఆమెకు చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. ఆమెకు అప్పుడు టైము లేదు. అందుకని ఇక్కడ చెప్తున్నాను.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. మాది ఎర్రుపాలెం దగ్గర పల్లె. ట్రైనింగ్ అయిపోగానే నన్ను టేకులపల్లి దాటాక అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక చిన్న స్టేషన్‌కి ఆఫీసరుగా వేశారు. ఒక ఇంజను, ఒక టెలిఫోన్, తొమ్మిది మంది సిబ్బంది. వెనకాల నాలుగు క్వార్టర్లు. వాటికి ఎదురుగా డ్రిల్ టవరు, అంటే గోడలూ కిటికీలూ తప్ప గదులు లేని మూడంతస్తుల మేడ. ప్రహరీ గోడకు ఆవల టేకు చెట్లు, ఇప్ప చెట్లు. వేసవి మొదట్లో ఇప్పపూలు రాలే రోజుల్లో ఆ తియ్యటి వాసన తెల్లారేసరికి స్టేషన్ అంతా పరుచుకునేది. పూలు ఏరుకోవడానికి వీలుగా చెట్ల కింద ఆకులు తగలబెట్టేవాళ్లు. ఆ మంట గాలికి పక్క పొదల్లోకి పాకితే మాకు కబురొచ్చేది. మేం వెళ్లేసరికి ఊళ్లోవాళ్లే పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పేసి, మాకు మంచినీళ్లూ కాసిని ఇప్పపూలూ ఇచ్చి పంపేవాళ్లు.

స్టేషన్ నడపడమంటే మంటలు ఆర్పడమే అనుకుంటారు జనం. నెలలో మంటలు ఆర్పేది నాలుగైదు రోజులు. మిగతా రోజులన్నీ, మంట వస్తే ఎట్లా అని తయారవడమే. పొద్దున ఆరింటికి ఈల. హాజరు, పరుగు, ఆ తర్వాత డ్రిల్లు. ఒకరోజు పైపులు పరచడం, ఒకరోజు పంపు, ఒకరోజు నిచ్చెన. గంట మోగిన నిమిషంలోపు ఇంజను గేటు దాటాలి. ఆ ఒక్క నిమిషం కోసం నేను చేతిలో వాచీ పట్టుకుని, పెళ్లిలో మగపెళ్లివారిలా, ప్రతిదానికీ వంకలు పెట్టేవాణ్ణి. డ్రిల్లయ్యాక తడి పైపులను టవరు మీంచి వేలాడదీసేవాళ్లం. వాటి వాసన, డీజిలు వాసన, పక్క క్వార్టర్లో తాలింపు వాసన, మూడూ కలిసి ముక్కులో ఉండిపోయాయి. నీళ్లు చిమ్మే ఇత్తడి గొట్టాలను చింతపండు పెట్టి తోమేవాళ్లం. పప్పుచారుకు తెచ్చిన చింతపండు ఇత్తడికి పోయిందని, ఇత్తడికి తెచ్చింది పప్పుచారులోకి పోయిందని వారానికోసారి గొడవ.

డ్రైవరు జానీ మియా. ఇంజనును ఆయన తప్ప ఇంకెవరు కడిగినా ఒప్పుకునేవాడు కాదు. రోజూ పొద్దున బిస్మిల్లా అనుకుని స్టార్ట్ చేసేవాడు. దసరాకు ఆయనే దగ్గరుండి దానికి నిమ్మకాయలు కట్టించేవాడు. శుక్రవారం ఆయన ఇంటి నుంచి దాల్చా వచ్చేది. ఆ గిన్నె వస్తున్నప్పుడు చూడాలి మావాళ్ల వేగం. గంట కొట్టినప్పుడు అందులో సగం ఉన్నా నేను సంతోషించేవాణ్ణి.

ఇక సాంబయ్య గారు. లీడింగ్ ఫైర్‌మన్. అంటే హోదాలో నాకన్నా కింద, వయసులో మా నాన్నకన్నా పెద్ద. ఆఫీసరు చెప్పింది సిబ్బందితో చేయించడం ఆయన పని. ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. దవడలో వక్కపలుకు, మెడలో ఈల, ఎడమ మోకాలికి ఎప్పుడూ ఒక గుడ్డకట్టు. భద్రాచలం వైపు వరదల్లోనో ఎక్కడో దెబ్బ తగిలిందట. వివరం అడిగితే, "పాతది సార్, ఇడిసిపెట్టున్రి," అనేవారు. మొదటి రోజు నేను పాఠ్యపుస్తకం చేతిలో పట్టుకుని డ్రిల్లు ఎట్లా జరగాలో అరగంట ఉపన్యాసమిచ్చాను. ఆయన అంతా విని, "మంచిగ చెప్పిన్రు సార్. ఎండెక్కుతున్నది, పోరగాండ్లకు చాయ్ ఇప్పిద్దమా?" అన్నారు. చాయ్ తాగాం. ఆ రోజుకి డ్రిల్లు అదే.

ఆ స్టేషన్లో ఒక అలవాటు ఉండేది. నేను చూసిన ఇంకే స్టేషన్లోనూ అది లేదు. నిచ్చెన ఎక్కేవాడు మెట్లు లెక్కపెట్టుకోడు. కింద నిచ్చెన పట్టుకున్నవాడు గట్టిగా లెక్కపెడతాడు. పొగలో పైవాడికి ఏమీ కనిపించదు, ఎంత ఎత్తులో ఉన్నాడో కిందివాడి గొంతును బట్టే తెలియాలని సాంబయ్య గారి వాదన. "లెక్క కిందున్నోని పని. పైనున్నోని పని ఎక్కుడే," అనేవారు. నా పుస్తకంలో ఆ మాట లేదు. కానీ మా కుర్రాళ్లు ఆ గొంతు వింటూ కళ్లు మూసుకుని కూడా చకచకా ఎక్కడం చూసి నేనేమీ అనలేకపోయాను.

ఇప్పుడు దాచినా లాభం లేదు, చెప్పేస్తాను. నాకు ఎత్తంటే భయం. చిన్నప్పుడు గడ్డివాము మీద నుంచి పడ్డ దగ్గర్నుంచీ అంతే. మరి ఫైర్ సర్వీసుకి ఎందుకొచ్చావయ్యా అంటే, పోలీసు పరీక్షతో పాటు ఇదీ రాశాను, ఇది వచ్చింది. ట్రైనింగులో కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, ఇద్దరు స్నేహితులు కింద నుంచి బూతులు తిడుతుంటే ఎట్లాగో గట్టెక్కాను. ఇక్కడ నేనే ఆఫీసర్ని. తిట్టేవాళ్లు లేరు. తొమ్మిదో మెట్టు దాకా బాగానే ఉండేది. అక్కడ కాళ్లలోంచి బలమంతా నీళ్లలా కారిపోయేది. వెంటనే గోడ మీద పగులేదో చూస్తున్నట్టు నటించి, నిచ్చెన కట్లు తడిమి, "సరిగ్గానే ఉన్నాయి," అని దిగిపోయేవాణ్ణి. దిగాక మిగతావాళ్లను పైదాకా ఎందుకు ఎక్కలేదని కసిరేవాణ్ణి. ఇది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. నా భయం ఎవరికీ తెలియదనే నా నమ్మకం.

చేరిన రెండు మూడు నెలలకు ఒకరోజు పొద్దున చూస్తే నిచ్చెన మీద ఒక మెట్టు పక్కన ఎర్ర రంగు వేసి ఉంది. ఏమిటని అడిగాను. "తొమ్మిదో మెట్టు సార్. కొలతకు ఉంటదని ఏసిన," అన్నారు సాంబయ్య గారు. నాకు లోలోపల ఎంత హాయి అనిపించిందో చెప్పలేను. ఇక లెక్క వినక్కర్లేదు, ఎర్ర రంగు మీద పాదం పడగానే ఆగిపోవచ్చు. వారానికి రెండుసార్లు ఎక్కడం, ఎర్ర రంగు దగ్గర ఆగడం, గోడను పరీక్షించడం, దిగడం. ఇట్లా వర్షాకాలం వెళ్లిపోయింది, చలికాలం కూడా వెళ్లిపోయింది.

వేసవి వస్తుండగా ఒక ఉత్తరం వచ్చింది. శ్రీరామనవమి అయిన వారానికి ఇన్‌స్పెక్షన్. వచ్చే పెద్ద ఆఫీసరుకు ఒక పేరుంది. ఏ స్టేషన్‌కి వెళ్లినా ముందు అక్కడి ఆఫీసరునే నిచ్చెన ఎక్కమంటాడు. టవరు పైదాకా, సిబ్బంది అందరి ముందూ. ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. పై ఆఫీసరు మెమో ఇస్తాడనే దిగులుకన్నా, నేను కసిరిన ఆ కుర్రాళ్లు కింద నిలబడి చూస్తారే, అదే నన్ను తినేసింది. తను ఎక్కలేని చోటికి ఇంకొకణ్ణి పంపే మనిషి మాట ఆ తర్వాత ఎవడు వింటాడు? విననక్కర్లేదనే నాకూ అనిపించింది. మూడో రోజు, నన్ను జిల్లా ఆఫీసులో కుర్చీ పనికి మార్చమని దరఖాస్తు రాసి, కవరులో పెట్టి, పోస్టులో వేయమని సాంబయ్య గారికిచ్చాను.

ఆయన కవరు అటూ ఇటూ తిప్పి చూసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. కాసేపాగి, "సార్, ఒక్క మాట. తాడిచెట్ల మీద గీతవాళ్లు ఇరుక్కున్నరని కాల్స్ వస్తయి గద. ఆళ్ల మోకు ఎట్ల పని జేస్తదో మనోళ్లకు ఎవ్వరికీ ఎరుక లేదు. ఎల్లయ్య గౌడును పిలిపిస్త. ఒక రోజు చెట్టెక్కుడు డ్రిల్లు పెడుదమా?" అన్నారు. ఎట్లాగూ బదిలీ మీద పోయేవాణ్ణి, ఎందుకు కాదనాలి? సరేనన్నాను.

ఎల్లయ్య పొడుగాటి మనిషి, నలభై ఏళ్లుంటాయి. అడవి అంచున ఉన్న తాడిచెట్లకు కల్లు గీసేవాడు. ఆయనకు ఎదుటివాడు కలెక్టరైనా "నువ్వే". మోకు అంటే నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే లావుపాటి తాడు. దాన్ని స్టేషన్ ముందున్న తాడిచెట్టుకు చుట్టి, ఒక్కొక్కళ్లతో నిలువెత్తు ఎక్కించాడు. నా వంతు వచ్చింది. నేను చెట్టును వాటేసుకుని అతుక్కుపోయాను. జర్రున జారి కిందికొచ్చాను. చొక్కా గుండీలు రెండు ఊడాయి. మా కుర్రాళ్లు నవ్వాపుకోలేక ఇంజను చాటుకు పోయారు.

ఎల్లయ్య మాత్రం నవ్వలేదు. "గట్ల కావలించుకుంటే చెట్టు నిలువనియ్యది సారూ. ఎన్కకు ఒరుగు. చేతులు చాపు. ఒళ్లు దూరముంటేనే కాళ్లు చెట్టుకు వడ్తయ్. బుగులైతదా?"

"భయమవుతుంది," అన్నాను. అంతమందిలో ఆ మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు.

"నాకూ అయితది. దినాం అయితది," అన్నాడు ఎల్లయ్య. "మీదికి చూడకు, కిందికి చూడకు. ముక్కు ముందల ఏమున్నదో గదే చూడు."

వెనక్కి ఒరిగాను. పాదాలు చెట్టుకు నొక్కుకుని నిలబడ్డాయి. మనిషెత్తు పైకి వెళ్లి దిగాను. అంతే, గొప్పేమీ కాదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టింది. సాంబయ్య గారు ట్రైనింగ్ రిజిస్టరులో, ప్రత్యేక డ్రిల్లు, చెట్టు ఎక్కుట, శిక్షకుడు ఎల్లయ్య గౌడ్ అని గుండ్రటి అక్షరాలతో రాశారు.

నవమికి భద్రాచలం బందోబస్తుకని మా స్టేషన్ నుంచి ఆరుగురిని పంపాను. అందరూ కోతుల్లా ఎక్కగలిగేవాళ్లే. స్టేషన్లో మిగిలింది నేను, మోకాలి నొప్పితో సాంబయ్య గారు, జానీ మియా, ఇంకా ముందు రోజే జ్వరం తగ్గి లేచిన ఒక ఫైర్‌మన్. కళ్యాణం నాటి పొద్దున్నే పానకం బిందె మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. ఫోన్ మోగింది. రెండు మైళ్ల అవతలి ఊరి నుంచి. చెట్టు మీద ఒకాయన తలకిందులుగా వేలాడుతున్నాడు. పేరు అడిగాను. ఎల్లయ్య.

నిమిషంలోపే గేటు దాటాం. వాచీ చూసేవాడు లేని రోజున అంత వేగంగా వెళ్లాం. ఊరంతా చెట్టు చుట్టూ ఉంది. కాలు జారి, మోకు తొడల దాకా దిగి, ఎల్లయ్య దాదాపు ముప్పై అడుగుల ఎత్తున తలకిందులుగా ఉన్నాడు. మొహం కందగడ్డలా ఉబ్బింది. ఆయన భార్య చెట్టు మొదలు పట్టుకుని పైకి ఏదో చెబుతూనే ఉంది, నిద్ర పోకు, నిద్ర పోకు అని. ఎక్కువసేపు అట్లా ఉంటే మనిషి దక్కడు. నిచ్చెన నిలబెట్టి, రెండు వైపులా తాళ్లు కట్టి ఊళ్లోవాళ్లకు పట్టుకోమని ఇచ్చాం. జ్వరం నుంచి లేచినవాడు ముందుకొచ్చాడు. వాడి చేతులు వణుకుతున్నాయి. సాంబయ్య గారు వాణ్ణి పక్కకు నెట్టి, తాడు చుట్ట భుజానికేసుకుని నిచ్చెన మీద కాలు పెట్టారు. రెండో మెట్టు మీద ఆయన మోకాలు వంగలేదు. పళ్లు బిగించి మళ్లీ ప్రయత్నించారు.

"దిగండి," అన్నాను.

ఆయన నా కళ్లలోకి చూశారు. దిగి, తాడు నా భుజానికి వేసి, నిచ్చెన పట్టుకున్నారు. "ఎక్కున్రి సార్. నేను వట్టిన," అన్నారు.

ఎక్కాను. ఒకటి, రెండు అంటూ ఆయన గొంతు మామూలు డ్రిల్లులో లాగే నింపాదిగా వెనకే వచ్చింది. ఏడు. ఎనిమిది. తొమ్మిది అనే మాట కోసం నా ఒళ్లంతా ఎదురుచూస్తోంది. ఆ మాట రాగానే కాళ్లు ఆగిపోతాయని నాకు తెలుసు. అది రాలేదు. బదులుగా పైనుంచి ఎల్లయ్య గొంతు, ముక్కు మూసుకుపోయినట్టు, వచ్చింది. "ఎన్కకు ఒరుగు సారూ... మళ్ల కావలించుకుంటున్నవ్." చూస్తే నిజమే, నిచ్చెనను వాటేసుకుని ఉన్నాను. చేతులు చాచాను. ఒళ్లు వెనక్కి జరిపాను. ముక్కు ముందున్న మెట్టును చూశాను, తర్వాత దాని పైదాన్ని, దాని పైదాన్ని. ఉన్నట్టుండి మెట్టుకు బదులు ఎల్లయ్య మొహం నా మొహానికి ఎదురుగా, తలకిందులుగా ఉంది.

ట్రైనింగులో నేర్చుకున్న ముడి ఆయన చంకల కిందుగా వేశాను. తాడును మట్టల మొదలు మీదుగా తిప్పి కిందికి వదిలితే జానీ మియా, నలుగురు మనుషులు లాగి పట్టారు. ఆయన బరువు తాడు మీదికి వచ్చి, తల పైకి తిరిగాక, ఆయన గీతకత్తే తీసుకుని మోకు మీద పెట్టాను.

"మోకు కొయ్యకు సారూ. మొన్ననే పేనిన," అన్నాడు.

కోశాను. ఆయన మెల్లగా కిందికి దిగిపోయాడు. నేను పైన ఒక్కణ్ణే మిగిలాను. అప్పుడు, చెప్పకూడదనుకున్నాను గానీ, ఏడుపొచ్చింది. చెరువు అవతల దాకా అడవి కనిపిస్తోంది. ఎక్కడో మైకులో కళ్యాణం మంత్రాలు. కింద ఎల్లయ్య భార్య ఆయన్ను వీపు మీద దబదబా బాదుతూ ఏడుస్తోంది. దవాఖానాలో మూడు రోజులుండి ఆయన నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. ఆ తర్వాత నేను ఆ స్టేషన్లో ఉన్నన్నాళ్లూ, ఎక్కడ కనపడినా, ప్రాణం సంగతి ఎత్తకుండా ఆ మోకు సంగతే అడిగేవాడు.

తిరిగొస్తూ ఇంజనులో సాంబయ్య గారిని అడిగాను. "తొమ్మిది అని ఎందుకనలేదు?"

"అనేలోపే మీరు పోయిన్రు సార్," అన్నారు.

"మరి నా దరఖాస్తు పోస్టు చేశారా?"

"జల్దీ ఏమున్నది సార్. జేబులనే ఉన్నది." చెమటకు తడిసి మెత్తబడ్డ కవరు తీసి నా చేతిలో పెట్టారు. జానీ మియా రోడ్డు వైపే చూస్తూ నవ్వుకోవడం అద్దంలో కనిపించింది.

ఇన్‌స్పెక్షన్ రోజు టవరు పైదాకా ఎక్కాను. ముక్కు ముందున్న మెట్టునే చూస్తూ ఎక్కాను. పై అంతస్తు కిటికీలోంచి సెల్యూట్ చేస్తే, పెద్దాఫీసరు గారు వెనక్కి తిరిగి సెల్‌ఫోన్లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నారు. ఆయన నన్ను చూడనే లేదు. మా తొమ్మిది మందీ మాత్రం చూశారు.

ఇదంతా తెలిసిన కథే, నా పిల్లలకు పదిసార్లు చెప్పిందే. పోయిన నెల నిచ్చెన పక్కన కూర్చుండిపోయేదాకా నాకు తెలియంది ఒకటుంది. ఎర్ర రంగు ఉన్నది తొమ్మిదో మెట్టు దగ్గర కాదు. పదమూడో మెట్టు దగ్గర. తొమ్మిది దగ్గర కూడా ఎర్ర రంగు ఉండేది, గాజుపెంకుతో గీకేసిన గుర్తుంది. పది దగ్గర అట్లాగే గీకిన గుర్తు. పదకొండు, పన్నెండు దగ్గర కూడా.

అక్కణ్ణుంచి నేరుగా సాంబయ్య గారి ఇంటికి వెళ్లాను. రిటైరయ్యాక నేలకొండపల్లి దగ్గర సొంతూళ్లో ఉంటున్నారు. ఎనభైకి దగ్గరపడ్డారు. పోయిన ఏడాది మోకాలికి ఆపరేషన్ అయిందని తెలుసు. గడప ముందు అరుగుకు నాలుగు మెట్లు. ఆయన అరుగు మీద మంచంలో, చేతికర్ర పట్టుకుని కూర్చుని ఉన్నారు. వక్కపలుకు మానలేదు. ఆయన భార్య కమలమ్మ చాయ్ తెచ్చింది.

"సాంబయ్య గారూ, ఎర్ర రంగు సంగతేంటి?" అన్నాను.

ఆయన చాలాసేపు చాయ్ ఊదుకున్నారు. "చూసిన్రా?" అన్నారు చివరికి. "మీరు తొమ్మిది కాడ ఆగుతరు గద సార్. ఎంత చెప్పినా మీరు తొమ్మిది దాటరు. మీరు ఆఫీసర్, నేను చెప్పేది గాదు. అందుకని తొమ్మిదినే జర మీదికి జరుపుకుంట వచ్చిన. రెండు నెలలకో మెట్టు."

"మరి మీరు పెట్టే లెక్క?"

"మొదటి మెట్లు లెక్క ఏసుడు బంద్ జేసిన. నిచ్చెన సదురుతున్నట్టు చేసి, మీరు రెండోది ఎక్కినంక ఒకటి అంటుంటి. రంగు జరిగినప్పుడల్ల ఇంకో మెట్టు తప్పిస్తుంటి."

"ఇంకెవరికి తెలుసు?"

"స్టేషన్ అంతకు ఎరికే సార్. గా ఎర్ర రంగు డబ్బ జానీ మియాదే."

ఎనిమిది నెలల పాటు తొమ్మిది మంది, నా కసుర్లు వింటూ, నాకు తెలియకుండా నాకు ట్రైనింగ్ ఇచ్చారు. ఆ స్టేషన్లో ట్రైనింగ్ ఇచ్చేది నేనని నేను అనుకున్నాను. ఇప్పుడు నా చేతికింద పెద్ద స్టేషన్లున్నాయి. బటన్ నొక్కితే పదంతస్తులు లేచే నిచ్చెనలున్నాయి. మెట్లు లెక్కపెట్టే పనే లేదు. కొత్త కుర్రాళ్లు నాకన్నా చదువుకున్నవాళ్లు, చురుకైనవాళ్లు. వాళ్లలో ఎవరికి దేనికి భయమో నాకు తెలియదు, తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదు. ఈ మాట అక్కడ కూర్చుని ఆయనతో అన్నాను. ఆయన విని చాయ్ కప్పు కింద పెట్టారు, అంతే.

కమలమ్మకు మాత్రం ఆయన మీద ఫిర్యాదుంది. "నువ్వన్న జెప్పు సారూ. దినాం నడువాలన్నడు డాక్టర్ సాబ్. గీయన మొదటి మెట్టు దిగుతడు, రెండోదాని మీద నిలవడి, కాలు వట్టేసిందంటడు, మళ్ల మీదికొస్తడు. నెలలసంది గదే కత. వాకిట్లకు రాక ఎన్నొద్దులైందో."

సాంబయ్య గారు నా వైపు చూడలేదు. వక్కపలుకు ఆ దవడ నుంచి ఈ దవడకు మార్చారు. ఆ చూపు తప్పించడం నాకు బాగా తెలుసు. గోడ మీద పగులు చూసేవాడి మొహమది.

నేను లేచి, నాలుగు మెట్లూ దిగి, వాకిట్లో ఆయనకు ఎదురుగా నిలబడి చేతులు చాచాను. "లేవండి," అన్నాను. "నేను పట్టుకున్నాను."

కర్ర వదిలి నా చేతులు పట్టుకున్నారు. ఎముకలు తగిలాయి. మొదటి మెట్టు మీదికి దిగారు.

నేను ఏమీ అనలేదు.

రెండో దాని మీదికి దిగారు. ఆగారు.

"ఒకటి," అన్నాను.

ఆయన తలెత్తి నన్ను చూశారు. "రెండు గాదా సార్?"

"లెక్క కింద ఉన్నవాడి పని," అన్నాను. "మీరు దిగండి."